రేచీకటి మందు సైటు మందైన కథ

పిల్లాడికి సైటు వచ్చిందనగానే ఇంట్లో పెద్దవాళ్ల నోట మొదట వచ్చేది పొన్నగంటి కూర. ఆ వెనకే మునగాకు, ఉసిరికాయ, త్రిఫల చూర్ణం. ఇవి కంటికి మంచివన్న మాట గాలికి పుట్టలేదు. కాకపోతే ఆ మంచిపేరు వాటికి వేరే జబ్బు దగ్గర వచ్చింది. మన పల్లెల్లో పేదపిల్లల కళ్లను తరతరాలుగా పీడించింది రేచీకటి. దీపాలు పెట్టే వేళకు గోడలు తడుముకునే పిల్లలకు ఆకుకూర పెడితే చూపు కుదుటపడేది. ఆకుల్లోని కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది కదా. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం రేచీకటికి మేక కాలేయం చెప్పింది. విటమిన్ ఎ నిల్వ ఉండేది కాలేయంలోనే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మొదలైన జాతీయ పథకం, చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ పోయించింది. రేచీకటి తగ్గింది, సైటు పెరిగింది, మందుల జాబితా మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆయుర్వేద శాస్త్రంలో చెప్పిన తిమిరమనే కంటి జబ్బే ఈ సైటు, అంటే హ్రస్వదృష్టి అని ఆయుర్వేద వైద్యులు కొందరు వాదిస్తారు. సుశ్రుతుడి 76 నేత్రరోగాల వరసలో, దోషం కంటి రెండో పటలానికి, అంటే పొరకు, చేరితే దూరపువి దగ్గరగా, దగ్గరివి దూరంగా తోస్తాయనీ, ఎంత చూసినా సూది బెజ్జం కనబడదనీ ఉంది. ఆ వాదన ఈ సూది దగ్గరే ఆగిపోతుంది. మైనస్ మూడు ఉన్న పిల్ల కళ్లజోడు తీసి, సూదిని ముఖం దగ్గరకు తెచ్చుకుని చిటికెలో దారం ఎక్కిస్తుంది. బెజ్జం కనబడనిది అమ్మమ్మకు. పైగా తిమిరం ముదిరితే చూపే పోయే లింగనాశమవుతుందన్నారు, అందులో ఒక రకానికి శలాకతో చికిత్స కూడా చెప్పారు. నా మట్టుకు అది ఎక్కువగా వయసు మళ్లిన కంటి వర్ణన. హ్రస్వదృష్టిని చెప్పకపోవడంలో ఆనాటి వైద్యుల లోపం వెతకనక్కర్లేదు. చదువుతో పాటు పెరిగే జబ్బిది. 1867లో హెర్మన్ కోన్ అప్పటి ప్రష్యాలోని బ్రెస్లావ్ ప్రాంతంలో 10,060 మంది బడిపిల్లల కళ్లు చూస్తే, పల్లె బడుల్లో నూటికి ఇద్దరికి కూడా లేని హ్రస్వదృష్టి పెద్ద చదువుల బడుల్లో నాలుగో వంతు మందికి పైగా తేలింది.

మరి త్రిఫల వాడాక పవర్ ఆగిందని చెప్పేవాళ్ల మాటో? ఆగే ఉంటుంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి చాలామందిలో అది దానంతటదే నిలకడపడుతుంది. అప్పటికి ఏది మింగుతుంటే పేరు దానికే. వాడిన పిల్లలనూ వాడని పిల్లలనూ పక్కపక్కన పెట్టి ఏటా కొలిస్తే తప్ప ఈ చిక్కు వీడదు.

అలా కొలిచినప్పుడు నిలబడిన మొక్క మందు ఒకటి ఉంది. అది కంటికి చలువ చేస్తుందని ఎవరూ వండిపెట్టని మొక్కది. వంకాయ కుటుంబంలోని విషపు మొక్క బెల్లడోనా నుంచి 1830ల్లో జర్మన్లు అట్రోపిన్ వేరుచేశారు. కంటి కండరానికి విశ్రాంతినిస్తే సైటు పెరగదన్న ఊహతో ఆ శతాబ్దంలోనే కొందరు డాక్టర్లు దాన్ని చుక్కలుగా వేశారు. ఊహ సరైనది కాదని ఇప్పుడంటున్నారు, చుక్కలు మాత్రం పనిచేశాయి. 2006లో వెలువడిన సింగపూర్ పరీక్షలో 400 మంది పిల్లల్లో, ఉత్తుత్తి చుక్కలు వేసిన కళ్లకు రెండేళ్లలో సగటున 1.20 డయాప్టర్లు పెరిగితే, ఒక శాతం అట్రోపిన్ వేసిన కళ్లకు పెరిగింది 0.28.

వేరుచేసిన రసాయనం మూలికావైద్యం ఎలా అవుతుందని అడగొచ్చు. మన కంచెల వెంట పెరిగే ఉమ్మెత్తలోనూ ఆ కుటుంబపు ఆల్కలాయిడ్లే ఉన్నాయి. వాటి పాళ్లు చెట్టుకూ చెట్టుకూ, ఆకుకూ గింజకూ మారతాయి, తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మందును వేరుచేసి, కొలిచి వాడాలి. చుక్కల సీసాలోనూ ఇబ్బందులు లేకపోలేదు: ఒక శాతం మందుతో పిల్లలు వెలుతురు ఓర్చుకోలేకపోయారు, దగ్గరి అక్షరాలు మసకబారాయి, ఆపేశాక సైటు మళ్లీ పరుగందుకుంది. 2012 నాటి సింగపూర్ ఫలితాల్లో పలుచన చేసిన 0.01 శాతం మందు ముందుకొచ్చింది. 2019లో హాంకాంగ్ పరీక్ష 0.05 శాతమే మెరుగని చూపింది.