గొంతులో దీపం

మా మేడిపల్లికి సముద్రం అంగడికే వచ్చేది, అదీ ఎండిపోయి. చెరువు చేప దొరకని రోజుల్లో నాయినమ్మ వెండిరంగు చిన్న ఎండుచేపలు తెచ్చి, తలలూ పేగులూ గిల్లి కోళ్లకు వేసి, చింతపులుసులో ఉడికించేది. "సముద్రం చాపలు బిడ్డా" అనడమే తప్ప వాటికో పేరుండేది కాదు. చాలా ఏళ్లకు విశాఖ చేపలరేవులో ఆ పేరు విన్నాను: కారలు. చవక చేప. చాలావరకు ఎండడానికే పోతుంది.

అది వెలుగుతుందని చదివినప్పుడు మొదట నమ్మలేదు.

1668లో రాబర్ట్ బాయిల్ చీకట్లో మెరిసే కుళ్లు చేపను గాజుపాత్రలో పెట్టి పంపుతో గాలి లాగేసిన ప్రయోగాలు అచ్చేశాడు. గాలి పోతే వెలుగు తగ్గింది, వదిలితే మళ్లీ వచ్చింది. ఆ వెలుగు చేపది కాదు, దానిమీది బాక్టీరియాది అని తేలడానికి ఇంకో రెండొందల ఏళ్లు పట్టింది. బతికున్న చేపే వాటిని ఒంట్లో పెంచుకుంటుందన్నది ఇంకా తర్వాతి మాట. బాందా దీవుల చేపల కళ్లకింది వెలుగుసంచుల గురించి 1922లో న్యూటన్ హార్వీ రాశాడు. అక్కడి జాలర్లు అప్పటికే ఆ సంచులు కోసి గాలానికి ఎరగా కట్టేవాళ్లు. చరిత్ర మాత్రం హార్వీ నుంచే లెక్కపెడుతుంది. నాకిది గుచ్చుకుంటూనే ఉంటుంది.

కారల వెలుగు మీద యాతా హనెదా వ్యాసం 1940లో వచ్చింది, అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉన్న పలావు దీవుల నుంచి. అన్నవాహిక చుట్టూ ఉంగరంలాంటి అవయవం, దాన్నిండా బాక్టీరియా. 1967లో ఆ బాక్టీరియాకు ఫోటోబాక్టీరియం లియోగ్నాథి అని చేప పేరే పెట్టారు. అద్దంలాంటి గాలితిత్తి ఆ వెలుగును పొట్టవైపు తిప్పుతుంది. పైనుంచి దిగే వెలుతురులో అది కలిసిపోతే, కిందనుంచి చూసే వేటచేపకు నీడ కనబడదు. వెలుగుతూ దాక్కోవడమన్నమాట! బాక్టీరియాకు తిండీ గూడూ, చేపకు మరుగూ. కానీ ఇది వారసత్వంగా వచ్చే ఆస్తి కాదు, ప్రతి పిల్లా సముద్రపు నీళ్లలోంచి తనవాటిని తానే తెచ్చుకోవాలి.

నాయినమ్మ గిల్లి పారేసిన చోటే ఆ దీపం ఉండేది. ఎండాక వెలగదు కాబట్టి ఆమె చూసే వీలే లేదు. చెబుదామనుకునేసరికి ఆమే లేదు. ఉండి ఉంటే, "మరి మన కోళ్లేమన్న మెరిసినయా బిడ్డా?" అని అడిగేది.