చీకటి గోదాములో మారిపోయిన బాతు

1996 చివర్లో అమెరికా కామిక్ దుకాణాల్లోకి రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి మార్వెల్ వాళ్ల ‘స్పైడర్‌మ్యాన్ టీమప్’ ఐదో సంచిక. అట్ట మీది నెల డిసెంబరు. రెండోది ఇమేజ్ కామిక్స్ వేసిన ‘సావేజ్ డ్రాగన్ - డెస్ట్రాయర్ డక్’. అట్ట మీది నెల నవంబరు. రెండూ పోటీ కంపెనీలు. కలిసి పుస్తకం వేద్దామని వాటి మధ్య ఒప్పందమేదీ లేదు. రచయిత మాత్రం రెంటికీ ఒక్కడే, స్టీవ్ గెర్బర్. ఈ పుస్తకాల్ని విడివిడిగా చదివితే ఏ అనుమానమూ రాదు. పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం ఒక తప్పింపు బయటపడుతుంది. మార్వెల్ గూటిలో ఉన్న ఒక బాతును, పుస్తకం వేస్తున్న మార్వెల్‌కే తెలియకుండా, ఆ రచయిత బయటికి దాటించేశాడు.

కామిక్స్‌లో ఇంతటి సాహసం చేసినవాళ్లు నాకు తెలిసి మరొకరు లేరు. ఎందుకు చేశాడో తెలియాలంటే ముందు ఆ బాతు ఎవరో తెలియాలి.

పేరు హోవర్డ్. 1973 డిసెంబరు తేదీతో వచ్చిన ‘అడ్వెంచర్ ఇన్‌టు ఫియర్’ 19వ సంచికలో, మ్యాన్‌థింగ్ అనే బురదభూతం కథ మధ్యలో, పొదల్లోంచి నడుచుకుంటూ వచ్చాడు. సృష్టికర్తలు రచయిత గెర్బర్, చిత్రకారుడు వాల్ మేయెరిక్. నోట్లో చుట్ట, ఒంటి మీద కోటు, నెత్తిన టోపీ. మనుషుల లోకంలో చిక్కుకుపోయిన బాతు. ఎగరలేడు, మంత్రాలు రావు, గొప్ప బలమూ లేదు. ఉన్నదల్లా ఒళ్లు మండే తత్వం, నిజం మాట్లాడే నోరు. 1976లో సొంత పత్రిక మొదలైంది. క్లీవ్‌లండ్ నగరంలో బెవర్లీ స్విట్జ్‌లర్ అనే అమ్మాయితో అతని కాపురం. ఆ ఏడాదే అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ‘ఆల్ నైట్ పార్టీ’ తరఫున కథలో పోటీకి దిగాడు. ప్రచారం బిళ్లలు నిజంగానే తయారై పాఠకుల చొక్కాల మీదికి ఎక్కాయి. 1977లో దినపత్రికల్లో రోజువారీ బొమ్మల కథగా కూడా వచ్చాడు. స్పైడర్‌మ్యాన్, హల్క్ లాంటి వీరుల మధ్య ఈ బాతు ఎవరి దారిలోనూ నడవని మనిషి. అతని గొంతులో వినబడేది గెర్బర్ గొంతే అని చదివేవాళ్లందరికీ తెలుసు.

గొంతు ఎవరిదైనా, హక్కు కంపెనీది. 1978లో గెర్బర్‌ను ముందు దినపత్రిక కథ నుంచి, తర్వాత మార్వెల్ నుంచే తప్పించారు. బాతు అక్కడే ఉండిపోయాడు. 1980లో గెర్బర్ కోర్టుకు వెళ్లాడు. 1982లో రాజీతో వ్యవహారం ముగిసింది. హోవర్డ్ మార్వెల్ సొత్తుగానే మిగిలాడు. మధ్యలో డిస్నీ లాయర్లు, ఈ బాతు మా డోనాల్డ్‌లా ఉందని అభ్యంతరం పెట్టారు. మార్వెల్ ఒప్పుకుని హోవర్డ్‌కు ప్యాంటు తొడిగింది. 1986లో లూకాస్‌ఫిల్మ్ అతని మీద సినిమా తీసింది. అది ఘోరంగా పోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆ పేరెత్తితే జనానికి సినిమాయే గుర్తొచ్చేది తప్ప గెర్బర్ రాసిన కథలు కావు. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ దాటింపుకు మొదటి ఆధారం 1982లోనే దొరుకుతుంది. కోర్టు ఖర్చులకు డబ్బు కావాలి. గెర్బర్ ఒక కొత్త కామిక్ రాశాడు, పేరు ‘డెస్ట్రాయర్ డక్’. ఎక్లిప్స్ అనే చిన్న సంస్థ అచ్చువేసింది. బొమ్మలు గీసింది జాక్ కిర్బీ. కెప్టెన్ అమెరికా నుంచి ఫెంటాస్టిక్ ఫోర్ దాకా మార్వెల్ పునాదుల్లో సగం ఆయన చేతి గీతలే. మొదటి సంచికకు ఆయన ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. సెర్జియో అరగొనెస్ సృష్టించిన గ్రూ అనే పాత్ర తొలిసారి కనిపించింది కూడా ఆ పుస్తకంలోనే. తోటి కళాకారులు ఒక రచయిత వెనక నిలబడ్డారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ కథను ఇప్పుడు దగ్గరగా చూడాలి. డ్యూక్ అనే మొరటు బాతుకు ఒక స్నేహితుడు ఉంటాడు. అతని పేరు చెప్పరు, ‘లిటిల్ గై’ అంటారంతే. ఆ చిన్నవాడు వేరే లోకంలోకి జారిపడి, గాడ్‌కార్ప్ అనే కంపెనీ చేతికి చిక్కుతాడు. వాళ్లు అతణ్ని పీల్చి పిప్పి చేస్తారు. చివరికి డ్యూక్ దగ్గరికి తిరిగొచ్చి ప్రాణం విడుస్తాడు. డ్యూక్ పగతో బయల్దేరతాడు. ఆ చిన్నవాడు ఎవరో, గాడ్‌కార్ప్ ఎవరో చదివిన ప్రతివాడికీ తెలుసు. కోర్టులో పట్టుకోవడానికి మాత్రం పేరు లేదు. పేరు చెప్పకుండా మనిషిని చూపించే విద్య గెర్బర్‌కు ఆనాటికే చేతికొచ్చింది. పద్నాలుగేళ్ల తర్వాత గోదాము చీకట్లో వాడింది ఆ విద్యనే.

రెండో ఆధారానికి ఇంకా వెనక్కి, వెర్మాంట్ రాష్ట్రంలోని రట్లండ్ అనే ఊరికి వెళ్లాలి. ఆ ఊళ్లో హాలోవీన్ ఊరేగింపు ప్రసిద్ధి. జనం కామిక్ వీరుల వేషాలు కట్టేవారు. 1972లో స్టీవ్ ఎంగెల్‌హార్ట్, గెర్రీ కాన్వే, లెన్ వీన్ అనే ముగ్గురు కుర్ర రచయితలు ఒక మాట అనుకుని, ఆ ఊరేగింపు మీద మూడు కథలు రాశారు. రెండు మార్వెల్‌లో, ఒకటి పోటీ కంపెనీ డీసీలో. మార్వెల్‌లో ‘అమేజింగ్ అడ్వెంచర్స్’ 16, ‘థోర్’ 207, డీసీలో ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 103. ముగ్గురూ పాత్రలుగా తమ కథల్లోకి తామే నడిచారు. మూడింటినీ కలిపి చదివితేనే ఆ రాత్రి పూర్తిగా అర్థమవుతుంది. పైవాళ్ల అనుమతి లేకుండా రెండు కంపెనీల లోకాల్ని కలపొచ్చని అప్పుడే తేలిపోయింది. ఆ తరం రచయితల్లో ఒకడిగానే గెర్బర్ కూడా మార్వెల్‌లో అడుగుపెట్టాడు. రట్లండ్‌లో జరిగింది మాత్రం పండగ సరదా. ఎవరి సొత్తూ చేతులు మారలేదు.

ఇక 1996. ఆ ఏడాది మార్వెల్, డీసీ అధికారికంగానే చేతులు కలిపి, వీరులకు వీరుల మీద పోటీలు పెట్టాయి. ఐదు పోటీల్లో గెలుపెవరిదో పాఠకుల ఓట్లతో తేల్చారు. దాని హడావుడికి లోటు లేదు. దాంతో పోలిస్తే గెర్బర్ పుస్తకాలు రెండూ చాలా చిన్నవి. మార్వెల్ ఎడిటర్ టామ్ బ్రెవూర్ట్, స్పైడర్‌మ్యాన్, గ్యాంబిట్ అనే మరో వీరుడు, హోవర్డ్ కలిసే ఒక కథ రాయమని గెర్బర్‌ను అడిగాడు. అప్పటికే గెర్బర్ ఇమేజ్ కోసం ఇంకో కథ మీద ఉన్నాడు. తన డెస్ట్రాయర్ డక్, ఎరిక్ లార్సెన్ సృష్టించిన సావేజ్ డ్రాగన్ కలిసే కథ. డ్రాగన్ అంటే తల మీద చేప రెక్కలాంటి తురాయితో, ఆకుపచ్చ ఒంటితో ఉండే షికాగో పోలీసు. లార్సెన్ కూడా స్పైడర్‌మ్యాన్ బొమ్మలు గీసి, మార్వెల్ వదిలి, 1992లో మరికొందరితో ఇమేజ్ స్థాపించినవాడు. అక్కడ పాత్ర దాన్ని పుట్టించినవాడిదే. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. చిక్కుముడి కొస అక్కడే ఉంది.

మొదట్లో గెర్బర్ ఆలోచన అమాయకమైనదే. రెండు కథల్నీ ఒకే చీకటి గోదాములోకి తెద్దాం, వీళ్లూ వాళ్లూ ఓ క్షణం నీడల్లా ఎదురుపడి పోతారు, ఏ కథకూ భంగం రాదు. రట్లండ్ లాంటి సరదా అన్నమాట. ఇంతలో హోవర్డ్‌ను మార్వెల్ పత్రికలైన ‘ఘోస్ట్ రైడర్’లోనూ, ‘జెనరేషన్ ఎక్స్’లోనూ వాడబోతున్నారని తెలిసింది. రాసేది వేరేవాళ్లు. తన బాతును మళ్లీ చేతిలోకి తీసుకున్నవాడికి, అది ఒక్క సంచిక ముచ్చటేనని, ఆ వెంటనే బాతు పరాయి చేతుల్లోకి పోతాడని అర్థమైంది. నీడలాట స్వరూపం మారింది అక్కడే.

మార్వెల్ పుస్తకం తెరవండి. గోదాము, చీకటి, గందరగోళం. హోవర్డ్ ఒక్కడు కాదు, అచ్చు అలాంటి నకళ్లు గుంపులు గుంపులు. కొట్లాట అయ్యాక స్పైడర్‌మ్యాన్, గ్యాంబిట్ బయటికి వస్తారు. వాళ్లతో ఒక బాతు ఉంటాడు. కథ సుఖాంతం. ఎడిటర్ చూసినా, లాయర్ చూసినా తప్పు పట్టేది ఏదీ లేదు. నిజానికి పాఠకుడు ఒక చిన్న ప్రశ్న వేసుకోవాల్సింది: అన్ని బాతుల్లో బయటికొచ్చినవాడు అసలువాడేనని ఎలా తెలిసింది? చాలామందికి ఆ ప్రశ్న రాదు. వీరుడు వెంట తీసుకొచ్చాడు కాబట్టి అసలువాడే అనుకుంటాం. కథలు చదివే మన అలవాటే గెర్బర్‌కు పనికొచ్చింది.

ఇప్పుడు ఇమేజ్ పుస్తకం. అదే గోదాము, అదే రాత్రి, చూసే కోణం వేరు. ఈసారి లోపలున్నది డ్రాగన్, డ్యూక్. అక్కడ మెదిలే ఇంకో కంపెనీ వీరుల పేర్లు వినబడవు, వాళ్లు నీడలే. నల్ల సిరా ముద్దకు హక్కుదారు ఎవరని ఎవరు వాదిస్తారు? ఆ గుంపులో అసలు హోవర్డ్‌నూ, బెవర్లీనీ పట్టుకుని బయటికి దాటించింది డ్యూక్, డ్రాగన్‌లే. స్పైడర్‌మ్యాన్ వెంట వెళ్లినవాడు నకలు. ఆ తర్వాతి పని సాక్షుల రక్షణ పథకం చూసుకుంది. ప్రమాదంలో ఉన్న సాక్షులకు అమెరికా ప్రభుత్వం కొత్త పేరు, కొత్త బతుకు ఇచ్చే ఏర్పాటది. ఈకలకు ఆకుపచ్చ రంగు, పేరు లెనార్డ్. బెవర్లీ ఇకపై రోండా మార్టినీ. మార్వెల్‌కు హక్కున్న పేరూ, రూపూ గోదాములోనే ఉండిపోయాయి. బయటికి నడిచింది ఆ పేరుకూ రూపుకూ లోపలున్న మనిషి.

ఈ పేజీలు చదువుతుంటే నాకు తగిలింది తెలివి ఒక్కటే కాదు. 1982లో డ్యూక్‌కు ఆలస్యమైపోయింది. స్నేహితుడు అతని ముందే చనిపోయాడు, మిగిలింది పగ తీర్చుకోవడమే. 1996లో అదే డ్యూక్ వేళకు చేరాడు. కోర్టులో పోరాడే రోజుల్లో గెర్బర్ రాసింది చావు కథ. పద్నాలుగేళ్లకు దాన్ని దిద్ది రక్షించే కథగా రాశాడు. డ్రాగన్ బదులు ఇంకే వీరుణ్నైనా తెచ్చుకోవచ్చు గానీ, ఆ గోదాములోకి డ్యూక్ రాకుండా కుదరదు. అతనికి తీరని బాకీ ఉంది.

ఈ పరిష్కారానికి ఒక్క చోట గట్టి అడ్డు వస్తుంది. మార్వెల్ దగ్గరున్నది నకలే అని గెర్బర్ బహిరంగంగానే చెప్పాడు. మరి 2002లో అదే మార్వెల్ కోసం, పెద్దవాళ్ల కోసమని పెట్టిన మ్యాక్స్ శాఖలో, ఆరు సంచికల హోవర్డ్ కథ ఎందుకు రాశాడు? నకలుకు అంత ప్రేమగా ప్రాణం పోస్తాడా? చివరికి అసలువాడు అక్కడే ఉన్నాడని ఒప్పుకున్నట్టు కాదా?

కొందరి వాదన ఇదే, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. అయితే ఆ సంచికల్లో ఏం జరిగిందో చూడండి. హోవర్డ్ రూపం నిలవదు. బాతు కాస్తా ఎలుక అవుతాడు. ప్యాంటు తొడిగించినవాళ్లు ఎవరో తెలిసినవాళ్లకు, ఆ ఎలుక ఎవర్ని ఉద్దేశించి గీసిందో విడమర్చి చెప్పక్కర్లేదు. తన ఒంటి మీద తనకే హక్కు లేని బాతు, ఎవరు ఎలా మారిస్తే అలా మారే బాతు ఆ కథానాయకుడు. గెర్బర్ 2002లో తన 1996 తీర్పును రద్దు చేయలేదనీ, మిగిలిపోయిన నకలు మీద జాలిపడి దాని గోడు కూడా రాశాడనీ నేను అనుకుంటున్నాను. ఇది నా ఊహే. కానీ రెండు పుస్తకాలూ నిలబడే దారి నాకు ఇదొక్కటే కనిపించింది.

గెర్బర్ 2008 ఫిబ్రవరి 10న చనిపోయాడు. మరుసటి ఏడాదే మార్వెల్‌ను డిస్నీ కొనేసింది. ప్యాంటు తొడిగించినవాళ్ల చేతికే బాతు చేరాడు. 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ సినిమా చివర, పేర్లన్నీ అయిపోయాక, చేతిలో గ్లాసుతో కనిపించి మాట్లాడినవాడు అతనే. మన హాళ్లలో కూడా చివరిదాకా కూర్చున్నవాళ్లు చూసే ఉంటారు.

మరి ఆ తెర మీది బాతు ఎవరు? కాగితాల ప్రకారం హోవర్డే, అందులో వివాదం లేదు. కథ ప్రకారం చూస్తే ఆ రాత్రికి రెండు పుస్తకాలు సాక్ష్యం చెబుతున్నాయి. మార్వెల్ పుస్తకం చూసింది తలుపు దాటిన ఒక బాతునే. ఇమేజ్ పుస్తకం ఇద్దర్నీ చూసింది, ఎవరు ఎటు వెళ్లారో కూడా చెప్పింది. మొదటి సాక్ష్యం రెండోదాన్ని కాదనడం లేదు. ఆ చీకట్లో, అన్ని నకళ్ల మధ్య, తన పక్కన నడిచేవాడు ఎవరో తేల్చుకునే ఆధారం స్పైడర్‌మ్యాన్ దగ్గర ఒక్కటీ లేదు.