మధురవాణి వేషం ఎవరు వేస్తారు?

నాటకం ఆడడం కంటే వేషాలు పంచడం కష్టమని మా దువ్వాడ ఆడవాళ్లకి ఈమధ్యనే తెలిసింది. ముందు మా వీధి సంగతి చెప్పాలి. ఉక్కు ఫ్యాక్టరీ పుణ్యమా అని ఇక్కడ నాలుగు రాష్ట్రాల వాళ్లం ఒకే కూరల బండి దగ్గర బేరాలాడుకుంటూ వుంటాం. పక్కింట్లో ఒరియా వాళ్లు, ఎదురింట్లో బెంగాలీ ఆవిడ, చివరింట్లో తమిళ మామి. అందరం కలిసి ఏదైనా చెయ్యాలంటే నాటకమే నయమనిపించి, 'కన్యాశుల్కం' లోంచి రెండు మూడు రంగాలు ఎంచుకున్నాం. గిరీశం వేషానికి ముగ్గురు పోటీపడ్డారు. పూటకూళ్లమ్మ వేషం నాకిచ్చారు, చీపురు పట్టడం బాగా వచ్చునని కాబోలు. మధురవాణి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరికి వాళ్లే కొంగులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"మా అత్తగారు వింటే ఇంకేమైనా వుందా వదినా!" అని ఒకావిడ. "బుచ్చమ్మనైతే వేస్తానండీ, సానివేషం మాత్రం నావల్ల కాదు" అని ఇంకొకావిడ.

నాకు నవ్వొచ్చింది. తీరిగ్గా ఆలోచిస్తే, ఈ బెరుకు నిన్నా మొన్నా పుట్టింది కాదు గదా అనిపించింది. తెలుగు నాటకం పుట్టినప్పట్నుంచీ దానితోపాటే పెరుగుతూ వచ్చింది.

గురజాడవారి నాటకాన్ని మొదట ఆడింది 1892లో, మాకు దగ్గరే వున్న విజయనగరంలో, జగన్నాథ విలాసినీ సభ వాళ్లు. 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. నాటకం చదివి నవ్వుకున్నవాళ్లు చాలామంది దాన్ని చదివి వుండరు. అందులో ఒక లెక్క వుంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్లకి కలిపి 1034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. తల్లి కడుపులో వున్న పిల్లకి కూడా బేరం కుదిరేదట!

ఏడాది పిల్లకి బారసాల ముచ్చటే తీరి వుండదు, అప్పుడే మెళ్లో పుస్తె. ఇదంతా ఎక్కడో కాదండీ, మన జిల్లాలోనే. లుబ్ధావధాన్లు పెళ్లికి మనం పకపకా నవ్వుతాం గాని, ఆ నవ్వు వెనక ఈ పట్టిక వుంది.

ఇంత బాధ ఆడపిల్లలదైతే, దాన్ని స్టేజీ మీద చూపించిందెవరు? మగవాళ్లే. ఆనాటి సమాజాల్లో ఆడవేషాలన్నీ వాళ్లే కట్టేవారు. మధురవాణిగా పేరు తెచ్చుకున్నవాళ్లలో స్థానం నరసింహారావుగారొకరు. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని వూపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడాయన. ఆయన కళని తక్కువ చెయ్యడం నా వుద్దేశం కాదు. కాని తమాషా చూడండి. నాటకం చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. అంటే మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడై! ఇన్ని మలుపులు తిరగడానికి సిద్ధపడ్డారు గాని, ఒక ఆడదాన్ని తిన్నగా వచ్చి నిలబడమనడానికి ఎవరికీ మనసు రాలేదు. గురజాడవారు మాత్రం 1909లో నాటకాన్ని తిరగరాసినప్పుడు మధురవాణికే ఎక్కువ చోటిచ్చారు. నాటకం మొత్తంలో తెలివైన బుర్ర ఆవిడదేనని నా అభిప్రాయం.

ఆడవాళ్లు రానేలేదా అంటే, వచ్చారు. 1885లో కడప దగ్గర సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన వనారస వారి నాటక కుటుంబంలో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టడం అలవాటయింది. తల్లి, కూతురు, కోడలు అందరూ నటులే. సురభి కమలాబాయి తల్లికి నాటకం మధ్యలోనే నొప్పులొచ్చి, స్టేజీ మీదే ఆవిణ్ణి కన్నదని చెప్పుకుంటారు. ఆ కమలాబాయే 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. అయినా సురభి వాళ్లకి నాటకం ఇల్లూ వృత్తీ రెండూను. మనబోటి గడప లోపలి వాళ్లు గడప దాటడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

మా వీధి మధురవాణిని మీరు మర్చిపోలేదు గదా? ఆఖరికి ఆ వేషం ఎదురింటి బెంగాలీ ఆవిడ అందుకుంది. "తెలుగు మాట తప్పు వస్తే నవ్వకూడదు" అని ఒకే షరతు పెట్టింది. రిహార్సలయ్యాక టీ తాగుతూ వాళ్ల వూరి బినోదినీ దాసి కథ చెప్పింది. వేశ్యల వాడలో పుట్టి కలకత్తా రంగస్థలాన్ని ఏలిన నటి. 1883లో స్టార్ థియేటర్ లేవడానికి ఆవిడ చేసిన త్యాగం ఇంతా అంతా కాదు. హాలుకి ఆవిడ పేరే పెడతామన్నారు. తీరా పెట్టింది 'స్టార్' అని! సానిదాని పేరు పెడితే పెద్దమనుషులు రారని భయపడ్డారట. "అందుకే నేను వేస్తానన్నాను" అంది. మేమెవ్వరం మాట్లాడలేదు.

మన గడపల వాళ్లు బయటికొచ్చిన కాలం 1940ల నాటిది. 1943లో బొంబాయిలో ప్రజా నాటక సంఘం ఏర్పడింది. దాని తెలుగు కొమ్మే ప్రజానాట్యమండలి. డాక్టర్ గరికపాటి రాజారావుగారు దానికి పెద్ద దిక్కు. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి' నాటకానికి పల్లెజనం విరగబడి వచ్చారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. అదంతా రాజకీయం, మనకెందుకంటారా? మనకి కావలసింది అందులోనే వుంది. ఆ దళాల్లో సంసార స్త్రీలు వేషాలు కట్టారు. అంతదాకా మగవాళ్ల సొత్తనుకున్న బుర్రకథ తంబురా మోటూరి ఉదయంగారి వంటి వాళ్ల భుజానికెక్కింది.

వాళ్లలో ఒకరు కొండపల్లి కోటేశ్వరమ్మగారు. 1918లో కృష్ణాజిల్లా పామర్రులో పుట్టారు. నాలుగైదేళ్లకే పెళ్లి చేశారు, బొమ్మలాట వయసులోనే వైధవ్యం. మహారాజుగారి పట్టికలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది అన్నానే, అలాంటి పిల్లే అన్నమాట. 'కన్యాశుల్కం' ఆడి ముప్పై ఏళ్లయినా బుచ్చమ్మలు పుడుతూనే వున్నారు. ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో గాని రాలేదు మరి. తేడా ఏమిటంటే, ఈ బుచ్చమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది, స్టేజీ ఎక్కింది, పాడింది, ఆడింది. తన బాధని ఇంకెవరో నటించే దాకా ఆగలేదు.

ఆ తర్వాత ఆవిడ బతుకేమీ పూలబాట కాదు. అజ్ఞాతవాసం, భర్త విడిచి వెళ్లడం, కన్నబిడ్డల మరణాలు. ముప్పై దాటాక మళ్లీ పలకా బలపం పట్టినట్టు చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. తొంభై దాటాక, 2012లో, 'నిర్జన వారధి' అని తన కథ తనే రాసుకున్నారు. చివరి రోజులు మా విశాఖపట్నంలోనే గడిపారు. 2018లో నూరేళ్లు నిండిన కొద్ది వారాలకే, సెప్టెంబరులో, ఇక్కడే కన్నుమూశారు.