ఇంజను ఊపిరి

మన తెలుగు కావ్యాలలోని అధ్యాయాలకు ఆశ్వాసాలని పేరు. సంస్కృతంలో బాణభట్టు హర్షచరితను ఉచ్ఛ్వాసాలుగా విభజించాడు. రెండు మాటలలోనూ ఉన్నది శ్వాసయే. చదువరి ఒకచోట ఆగి ఊపిరి తీసుకోవాలని పూర్వులు తలచినట్లుంది. ముప్పదియేళ్ళకు పైగా పిల్లలకు ఈ మాటల వ్యుత్పత్తి చెప్పిన నాకు, మోటారు ఇంజనుకు కూడా ఒక ఊపిరి ఉందనీ, దానికొక చరిత్ర ఉందనీ ఉద్యోగ విరమణ అనంతరం గాని తెలియలేదు. తెలియజేసినవాడు నా పూర్వ విద్యార్థి.

అతడు ఒక పాత కారు కొని, ఔత్సాహికుల పందెంలో పాల్గొనడానికి సిద్ధం చేస్తున్నాడు. ఒకనాడు ఇంటికి వచ్చి, "మాస్టారూ, కంపెనీవాళ్ళిచ్చిన ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసేసి, శంకువులా ఉండే ఓపెన్ ఫిల్టరు బిగిద్దామనుకుంటున్నాను. హార్స్‌పవర్ పెరుగుతుందంటున్నారు. మా తరగతి పందెంలో అది మార్చకూడదని నిబంధన ఉందిగాని, విప్పి చూసేవాళ్ళెవరూ లేరండీ" అన్నాడు. తెలుగు పండితుణ్ణి అడుగవలసిన ప్రశ్న కాదది. అయితే నా స్కూటరు కథ అతనికి తెలుసు. తరగతిలో నేనే చెప్పాను.

1980ల నాటి మాట. నేను పనిచేసే ఊరికి అప్పుడు కంకరరోడ్డే గతి. ఫిల్టరు తీసివేస్తే బండి తేలికగా లాగుతుందని ఒక మెకానిక్కు చెప్పగా నమ్మి తీయించాను. కొన్ని వారాలు అది నిజంగానే హుషారుగా పరుగెత్తింది. వేసవి ముగిసేసరికి ఇంజను బోరుకొచ్చింది. చెరువుకట్ట ఎక్కలేక నిలిచిపోతే దిగి తోసుకొంటూ బడికి వెళ్ళాను. ఆ నెల జీతంలో చాలా భాగం దాని మరమ్మతుకే పోయింది. ఎందుకిలా జరిగిందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఈ అబ్బాయి అడిగిన తర్వాత పుస్తకాలు తిరగవేశాను.

ఇంజను పెట్రోలుతో నడుస్తుందని మనమంటాము. నిజానికి అది తినేదానికంటె పీల్చేది చాలా ఎక్కువ. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు 11 కిలోల గాలి, అంటే దాదాపు 9,000 లీటర్లు. రెండు లీటర్ల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు, సిలిండర్లు పూర్తిగా నిండితే, సెకనుకు 100 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. పెట్రోలు ఎక్కువ పోయడం సులభమే. గాలి ఎక్కువ పట్టించడమే కష్టం. శక్తి పెంచదలచిన ప్రతివాడూ మొదట గాలిదారి మీద చేయి వేయడానికి కారణమిదే.

తొలినాటి కార్లకు ఫిల్టరనేదే లేదు. మట్టిబాటల మీద లేచిన దుమ్మంతా కార్బురేటరు గుండా సిలిండరులోకి పోయేది. ధూళిలోని ఇసుకరేణువులు ఇనుముకంటె గట్టివి. అవి నూనెతో కలిసి పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను సానబెట్టినట్లు అరగదీస్తాయి. నా స్కూటరుకు పట్టిన గతి అదే. తరువాత నూనెతొట్టి ఫిల్టర్లు వచ్చాయి. అందులో గాలి నూనె మీదుగా మలుపు తిరిగి పోతుంటే, బరువైన ధూళి మలుపు తిరగలేక నూనెలో చిక్కుకొంటుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాలలో మడతలు పెట్టిన కాగితం ఫిల్టర్లు కార్లలో వాటి స్థానాన్ని ఆక్రమించాయి.

ఫిల్టరు ఉంటే ఎంత నష్టం, లేకపోతే ఎంత నష్టం అన్న లెక్క ప్రాణాలతో ముడిపడి తేలింది మాత్రం కారులో కాదు, యుద్ధవిమానంలో. 1942 మార్చి 7న బ్రిటిష్ వారి ఈగిల్ అనే విమానవాహక నౌక మీదినుండి 15 స్పిట్‌ఫైర్ విమానాలు మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికి ఎగిరాయి. జర్మన్, ఇటాలియన్ దాడులతో ఆ ద్వీపం అల్లాడుతున్న సమయమది. అక్కడి దుమ్మునుండి మెర్లిన్ ఇంజనును కాపాడడానికి ఆ విమానాల ముక్కు క్రింద వోక్స్ అనే పెద్ద ఫిల్టరు అమర్చారు. గడ్డంలాగా ముందుకు పొడుచుకువచ్చిన ఆ తొడుగు గాలికి అడ్డుపడింది, ఇంజను ఊపిరిని కొంత బిగబట్టింది. వేగమూ, పైకెగిరే సత్తా రెండూ తగ్గాయి. శత్రువుకంటె ఎత్తున ఉండడమే బ్రతుకైన చోట అది చిన్న నష్టం కాదు. అట్లని ఫిల్టరు లేకుండా ఎగిరితే ఇంజను ఎక్కువకాలం మనదు. చివరకు ఈజిప్టులో అలెగ్జాండ్రియా దాపునున్న అబూకీర్‌లోని మరమ్మతు కేంద్రపు పనివారు ఇంకా చిన్నదైన, నున్ననైన ఫిల్టరును తయారుచేశారు. వారు ఫిల్టరును తీసిపారవేయలేదు; దాని ఆకారాన్ని సరిదిద్దారు. మా అబ్బాయికి చెప్పవలసిన మొదటి సంగతి ఇక్కడ దొరికింది.

అతడు కొనదలచిన నూనె పూసిన నూలుబట్ట ఫిల్టరుకు కూడా ఎడారి ధూళితో సంబంధముంది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని రివర్‌సైడ్‌లో మోటారు సైకిళ్ళ దుకాణం నడిపిన కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరి పేర్ల తొలి అక్షరాలే నేటి కె అండ్ ఎన్. అటువంటి ఫిల్టరు గాలిని సులువుగా వదులుతుంది, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. కాని బాగా సన్నని ధూళిని ఆపడంలో మంచి కాగితానికి సాధారణంగా వెనుకబడుతుంది. కడిగిన ప్రతిసారీ నూనె తగుమాత్రంగా పూయాలి. ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సరు మీద పేరుకొంటుంది. ఇక డబ్బా తీసివేసి ఇంజను ప్రక్కనే తెరిచిపెడితే అది పీల్చేది వేడిగాలి. 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పీల్చిన ఇంజనుకు అదే పరిమాణంలో సుమారు 9 శాతం తక్కువ గాలి అందుతుంది. ధ్వని పెరుగుతుంది. ధ్వని పెరిగితే శక్తి పెరిగినట్లు తోచడం మానవ సహజం.

ఆ డబ్బాకూ గొట్టాలకూ ఒక శాస్త్రముంది. ఇంటేక్ వాల్వు మూసుకొన్నప్పుడు గొట్టంలో పరుగెత్తివచ్చే గాలి తలుపుకు కొట్టుకొని, ఒత్తిడి అలగా వెనుదిరుగుతుంది. ఆ అల గొట్టం చివరివరకు వెళ్ళి మళ్ళీ వస్తుంది. తిరిగివచ్చే వేళకు వాల్వు తెరిచి ఉంటే మరికొంత గాలిని లోపలికి నెడుతుంది. 1960లో క్రైస్లర్ కంపెనీ తన 300ఎఫ్ కారులో, 413 ఘనపు అంగుళాల ఇంజను మీద 30 అంగుళాల పొడవైన గొట్టాలను అడ్డంగా ఒకదానినొకటి దాటేటట్లు అమర్చింది. శక్తి 375 హార్స్‌పవర్. కార్యసాధకమైన పొడవును 15 అంగుళాలకు తగ్గించిన మరొక రకం 400 ఇచ్చింది. అయితే దాని మేలు ఎక్కువ చుట్లలోనే. రోజువారీ వేగాలలో పొడవైన గొట్టమే మేలు. వేణువు పొడవును బట్టి శ్రుతి మారినట్లే ఇదీను. ఏ శ్రుతిలో పాడదలచుకొన్నావో తెలియకుండా వేణువును కోయరాదు.

గాలికోసం పోటీ పెరిగినకొద్దీ నియమాలూ వచ్చాయి. ఫార్ములా వన్ కార్లలో డ్రైవరు తలపైన గోపురాలవలె లేచిన ఎయిర్‌బాక్సులకు 1976 స్పానిష్ గ్రాండ్ ప్రీతో ఎత్తు పరిమితి పెట్టారు. ర్యాలీ పందేలలో టర్బో ముందు ఒక ఇరుకు కంకణం బిగించాలన్నారు. ఎంత గొప్ప ఇంజనైనా అంతమేరకే పీల్చాలని. 1995లో ప్రపంచ ర్యాలీ పోటీలలో దాని వ్యాసం 34 మిల్లీమీటర్లు.

ఆ యేడు అక్టోబరులో స్పెయిన్‌లోని కటలూన్యా ర్యాలీలో టొయోటా జట్టు కార్లను విప్పి పరీక్షించారు. గొట్టాన్ని బిగించినప్పుడు లోపలి స్ప్రింగుల మూలంగా కంకణం సుమారు 5 మిల్లీమీటర్లు జరిగి ప్రక్కన సందు ఏర్పడేది. తనిఖీకని విప్పగానే సందు దానంతటదే మూసుకొనేది. ఆ సందు గుండా 25 శాతం వరకు అదనపు గాలి వెళ్ళేదని ఎఫ్‌ఐఏ తేల్చింది. ఇంత చతురమైన పరికరాన్ని తాము చాలాకాలంగా చూడలేదని ఆ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీయే ఒప్పుకొన్నాడు. జట్టుకు ఆ సంవత్సరపు పాయింట్లన్నీ పోయాయి. ఏడాదిపాటు నిషేధం పడింది. ఆ జట్టు డ్రైవర్లు కాంకునెన్, ఓరియోల్ అంతకు ముందు ప్రపంచ విజేతలైనవారు. వారి పాయింట్లూ లెక్కలోనుండి తొలగిపోయాయి. ఆ చాతుర్యాన్ని నియమంలోపలి 34 మిల్లీమీటర్ల మీద ఖర్చుపెట్టి ఉంటే ఏమి సాధించేవారోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇదంతా అబ్బాయికి చెప్పాను. విప్పి చూసేవాళ్ళు లేరన్న మాట దగ్గర అతడు తల వంచుకొన్నాడు. నేను మందలించలేదు, మందలించే వయసు అతనికి దాటిపోయింది. కంపెనీ డబ్బానే ఉంచి, కొత్త కాగితం ఫిల్టరు వేసి, గొట్టాల కీళ్ళ దగ్గర గాలి కారుతోందేమో చూసుకొమ్మన్నాను. మిగిలిన డబ్బు టైర్లకూ బ్రేకులకూ పెట్టమన్నాను.

పందెం తరువాత ఫోను చేశాడు. పదునాలుగు కార్లలో తొమ్మిదవవాడుగా వచ్చాడట. "విప్పి చూశారా?" అని అడిగాను. "లేదండీ మాస్టారూ. చూసి ఉంటే బాగుండుననిపించింది" అన్నాడు.