సందు చుక్క

చెప్పులు మెట్ల దగ్గరే విడిచి రండి. వరండాలో ఇప్పుడే తడిగుడ్డ పెట్టారు, జారుతుంది. ముందు ఫినాయిలు వాసన, దాని వెనకాలే జండూబామ్ వాసన. టైము తొమ్మిదిన్నర. ధనుర్మాసపు ఎండ ఇంకా కటకటాల దాకానే వచ్చింది. తెనాలి పక్కన ఒక వృద్ధాశ్రమం ఇది. భోజనాల బల్లలన్నీ వరండాలోకి చేర్చి, వాటి మీద ఎర్రమట్టి పూసిన ప్లైవుడ్ ముక్కలు పరిచారు. ముగ్గు నేల మీద కదా వేస్తారు అంటారా? గొంతుక్కూర్చోగలిగే మోకాళ్లు ఇక్కడ ఎవరికీ మిగల్లేదు.

అదిగో, ఆటోలు రెండూ వచ్చాయి. ఊళ్లో హైస్కూలు ఏడో తరగతి పిల్లలు, 14 మంది. ఇలాంటి చోటికి పిల్లలొస్తే మామూలుగా ఏం జరుగుతుందో మీకూ తెలుసు. తలో అరటిపండు, బ్రెడ్డు ప్యాకెట్టు, రెండు పాటలు, గ్రూపు ఫొటో. పుచ్చుకుని చప్పట్లు కొట్టడం తప్ప పెద్దవాళ్లకి వేరే పని ఉండదు. ఇవాళ పిల్లలు పళ్లు తేలేదు, నోటుపుస్తకాలు తెచ్చుకున్నారు. లెక్కల టీచర్ పురమాయించింది ఒకటే: మెలికల ముగ్గు ఒకటి నేర్చుకోవాలి, గీత బయల్దేరిన చోటికే ఎలా తిరిగొచ్చిందో తనకి చెప్పాలి.

మూడో బల్ల దగ్గరికి రండి. ఈ మామ్మగారికి పొద్దున టిఫిన్ తిన్నదీ లేనిదీ గుర్తుండదు. ఎదురుగా కూర్చున్న పిల్లని నాలుగుసార్లు పేరడిగారు. నాలుగుసార్లూ చెప్పింది, ఆఖరిసారి కాస్త గట్టిగా.

"ఏడు చుక్కలు. సందు చుక్క, నాలుగు వచ్చేదాకా."

పిల్ల ఏడు చుక్కలు పెట్టి, వాటికి సరిగ్గా కిందనే ఇంకోటి పెట్టబోయింది. చేతి మీద చిన్న దెబ్బ పడింది. "సందులో పెట్టవే! చుక్క కింద చుక్క పెడితే అది వేరే ముగ్గు." పైకి ఆరు, ఐదు, నాలుగు. కిందికీ అంతే. పిల్ల లెక్కపెట్టుకుంది. మొత్తం 37.

ఇప్పుడు కాస్త వంగి ఆ చెయ్యి చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి. కాఫీగ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యే. ఇక్కడా వణుకుతోంది, అయినా పిండి తెగడం లేదు. గీత మొదటి చుక్కని తగలకుండా చుట్టి, పక్కదాన్ని అవతలి వైపు నుంచి అందుకుని, మూల దగ్గర మెలిక తిరిగి వెనక్కొస్తోంది. మతిమరుపు జబ్బులో నిన్నామొన్నటి సంగతులు ముందు పోతాయనీ, చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయనీ డాక్టర్లు చెబుతారు. నాకు మాత్రం ఆవిడ కసురుకోవడమే నచ్చింది. చూసిపోవడానికి వచ్చినవాళ్లని ఎవరూ కసరరు.

టీచర్ పిల్లలకి ఒక సంగతి చెబుతోంది. 1970ల్లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు తమిళుల ముగ్గుల్ని, అంటే కోలాల్ని, కంప్యూటర్ శాస్త్రం కళ్లతో చూశారట. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకీ ఉంటుందని సూత్రాలు రాశారట. మామ్మగారు తలెత్తకుండానే అన్నారు: "దానికి కాలేజీ ఎందుకమ్మా?"

చివరి బల్ల దగ్గర నవ్వులు. అక్కడ తాతగారొకరు, ఎదురుగా ఓ మగపిల్లాడు. జీవితంలో ముగ్గుపిండి ముట్టనివాళ్లు ఇద్దరూ. తాతగారి పిండి ధారగా రావడం లేదు, కుప్పలుగా పడుతోంది. పిల్లాడు ఉఫ్‌మని ఊదితే చుక్కలు కూడా లేచిపోయాయి. మళ్లీ మొదలుపెట్టారు.

"మా ఇంట్లో మా ఆవిడ రోజూ వేసేది," అన్నారాయన, గీత మీంచి చూపు తిప్పకుండా. "నేను డ్యూటీకి వెళ్తూ సైకిలు దాని మీదుగానే దింపేవాణ్ణి."

"తిట్టేది కాదా, తాతగారూ?"

"ఏమనేది కాదు. మర్నాడు మళ్లీ వేసేది."

గీత తొందరగా మూసుకుపోయింది. నాలుగు చుక్కలు బయటే ఉండిపోయాయి. మామ్మగారు వాకర్ పట్టుకుని వచ్చి చూశారు. ఏమీ అనలేదు. వేలితో ఒక చోట చెరిపి, రెండు కొసలు వదిలేసి వెళ్లిపోయారు. ఆ రెండింటినీ బయట చుక్కల చుట్టూ తిప్పి కలపడానికి వాళ్లకి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. అయినా తెగలేదు.

ఆటోవాడు హారన్ కొట్టాడు. పిల్లలు చేతులు కడుక్కోకుండానే ఎక్కేశారు. ఆయమ్మ కంచాలు పట్టుకొచ్చింది. "బల్లలు కావాలండీ, అన్నాల వేళయింది." ఒక్కో పలకా ఎత్తుతుంటే పిండి ఒక వారకి జారి, ముగ్గులన్నీ తెల్లటి దుమ్మయ్యాయి. మామ్మగారు తనదాని వైపు చూడను కూడా లేదు, పప్పులోకి నెయ్యి అడుగుతున్నారు.

తాతగారు మాత్రం బల్ల మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. "నా కంచం ఒళ్లో పెట్టమ్మా," అన్నారు.