తడి మంచుచరియలు

కొండవాలు మీది మంచులోకి కరిగిన నీరో వాన నీరో దిగి, దాని పట్టు సడలి కిందికి జారిపోతే దాన్ని తడి మంచుచరియ అంటారు. అమెరికాలో కాస్కేడ్, సియెర్రా నెవాడా, రాకీ పర్వతాలకు వసంతంలో ఈ బెడద ఎక్కువ.

కొద్దిపాటి తడి మంచుకు బలమే, ఇసుక గూటికి తడి ఎంత అవసరమో అంత. నీటి పాలు 8 శాతం దాటితే మాత్రం పిడికిట్లో పిండగానే నీళ్లు కారతాయి. రేణువుల మధ్య పట్టు ఉండదు. పైనుంచి దిగే నీరు లోపలి గట్టి పొర మీద నిలిచిపోతే ఒక్కోసారి పై మంచంతా పలకలా ఊడివస్తుంది. నేల దగ్గర ముతక, బలహీన రేణువులు పేరుకునే కొలరాడోలో ఈ భయం మరీ ఎక్కువ. 2005 మే 20న అక్కడి అరాపహో బేసిన్‌లో, స్కీ కేంద్రం హద్దుల్లోపలే, ఇలాంటి పలక కింద చిక్కుకుని ఒకరు చనిపోయారు.

ముప్పు అంచనా ముందటి రాత్రితోనే మొదలవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా ఉపరితలం గడ్డకట్టగలదు. మబ్బు పట్టిన రాత్రి అలా జరగదు. అందుకే థర్మామీటర్ అంకె ఒక్కటే నమ్ముకుని బయల్దేరడం తెలివైన పని కాదు. పొద్దున బూటు కింద పెళుసుగా, గట్టిగా ఉన్న మంచు ఎండెక్కేకొద్దీ మెత్తబడుతుంది: ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆపైన పడమర. కాలు చీలమండ దాటి దిగబడుతున్నా, రాళ్ల దగ్గర నుంచి మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా ఆ వాలు వదిలి రావాల్సిందే. ఎండతో మంచు ఇలా మారుతుంది కాబట్టే ఒకే రోజుకు ముప్పు స్థాయి పొద్దున తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా ఉండవచ్చు.

వానకు మాత్రం ఈ వేళాపాళా వర్తించవు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వెల్లింగ్టన్‌లో మంచు తుపానుకు రెండు రైళ్లు రోజుల తరబడి చిక్కుకుపోయాయి. చివరికి మంచు ఆగి, ఉరుములతో వాన అందుకుంది. 1910 మార్చి 1 తెల్లవారుజామున పై వాలు ఊడిపడి రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని బలిగొన్న మంచుచరియ మరొకటి లేదు. మంచును పట్టి ఉంచే చెట్లను ఆ వాలు మీద కార్చిచ్చు అంతకుముందే కాల్చేసింది. ఆ రైళ్లు నడిపిన గ్రేట్ నార్తర్న్ రైల్వే 1929లో 12.5 కిలోమీటర్ల కొత్త సొరంగం తెరిచి ఆ దారిని వదిలేసింది. సియాటిల్ తెలుగు కుటుంబాలు మంచు చూడ్డానికి వెళ్లే స్టీవెన్స్ పాస్ పక్కనే ఉన్న ఆ పాత రైలుకట్ట ఇప్పుడు ఐరన్ గోట్ ట్రెయిల్ అనే కాలిబాట. శీతాకాలంలోనూ వసంతారంభంలోనూ దాని మీద నడవడం నేటికీ ప్రమాదమే.