సరిగమ (పూర్వపు హెచ్‌.ఎం.వి.): యాజమాన్య మార్పులు

సరిగమ ఇండియా లిమిటెడ్ కలకత్తా కేంద్రంగా పనిచేసే సంగీత ప్రచురణ సంస్థ. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న రికార్డు కంపెనీల్లో ఇదే పాతది. 2000 సంవత్సరం దాకా దీని పేరు గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా. జనం మాత్రం హెచ్‌.ఎం.వి. అనో, కుక్కబొమ్మ కంపెనీ అనో పిలిచారు. లండన్‌లో మొదలై, బ్రిటిష్ బహుళజాతి సంస్థ చేతిలో అర్ధ శతాబ్దం ఉండి, 1980ల మధ్యలో గోయెంకాల వశమైంది. యజమాని మారిన ప్రతిసారీ భవనాలు, యంత్రాలతోపాటు లక్కరికార్డుల నాటి తెలుగు పద్యాలు, లలిత గీతాలు, సినిమా పాటల అసలు ధ్వనిముద్రణలు కూడా కొత్త యజమాని ఆస్తిలో కలిసిపోయాయి. తెలుగువాళ్లకు ఈ సంస్థ చరిత్ర పట్టవలసింది అందుకే.

లండన్ నుంచి కలకత్తాకు

గ్రామఫోన్ కంపెనీ 1898లో లండన్‌లో పుట్టింది. 1901లో కలకత్తాలో శాఖ తెరిచింది. మరుసటి ఏడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రణ నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలు పట్టుకెళ్లాడు. అప్పటికి ఇక్కడ రికార్డులు అచ్చొత్తే ఏర్పాటు లేదు. మైనపు పలకల మీద పట్టిన పాట ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లి, రికార్డుగా తయారై మళ్లీ ఓడలో తిరిగొచ్చేది. 1908లో సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక ఆ ప్రయాసం తప్పింది. 1920ల చివర అది దమ్‌దమ్‌కు మారింది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు ఇళ్లలో తిరిగిన కుక్కబొమ్మ రికార్డులు అక్కడ అచ్చయినవే.

హెచ్‌.ఎం.వి. ఒక్కటే రికార్డు ముద్ర కాదు. కొలంబియా, ఓడియన్ వంటివీ ఉండేవి. మద్రాసులో ఓడియన్ రికార్డులు సరస్వతీ స్టోర్స్ ద్వారా వచ్చేవి. తర్వాత ఎ.వి.ఎం. స్టూడియో అధిపతి అయిన ఎ.వి. మెయ్యప్పన్ ఆ వ్యాపారంలో భాగస్వామి. కొనేవాళ్లకు ఇవి పోటీ కంపెనీలుగానే కనిపించాయి. పైన జరిగింది వేరు. ఓడియన్, పార్లోఫోన్ ముద్రలున్న జర్మన్ సంస్థ కార్ల్ లిండ్‌స్ట్రోమ్‌ను కొలంబియా 1920ల నడుమ కొనేసింది. 1931లో కొలంబియా, గ్రామఫోన్ కంపెనీ కలిసి ఇ.ఎం.ఐ. అయ్యాయి. ముద్రల పేర్లు విడివిడిగానే సాగినా, వాటి పైనున్న యాజమాన్యం ఒకే గొడుగు కిందికి చేరింది.

తెలుగు ఖజానా

భారత విభాగం 1946లో ఇక్కడే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నమోదైంది. 1968లో పబ్లిక్ కంపెనీ అయింది. మూలధనంలో పెద్ద వాటా మాత్రం ఇ.ఎం.ఐ.దే. తెలుగు పాటల రాశి పెరిగిన కాలమూ ఇదే. ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు రికార్డుకు పనికిరాదని మద్రాసు హెచ్‌.ఎం.వి. తొలుత తిప్పి పంపింది. పేకేటి శివరాం ఆ శాఖ బాధ్యతలోకి వచ్చాకే ఆయన చేత పాడించి రికార్డు చేశారు. లండన్ నుంచి వచ్చిన ఉత్తర్వు వల్ల కాదు, మద్రాసు శాఖలో పాట తెలిసిన ఒక మనిషి కుర్చీలో ఉండడం వల్ల ఘంటసాల దక్కాడు. యాజమాన్య చరిత్ర రాసేవాళ్లు వాటాల లెక్కలో పడి ఇలాంటి వాళ్లను వదిలేస్తారు. అది అన్యాయం.

1957 నాటి ‘మాయాబజార్’ పాటలు ఇవాళ సరిగమ ఖజానాలోనే ఉన్నాయి. ఘంటసాల పాడిన భగవద్గీత ఆయన కన్నుమూసిన 1974లోనే ఎల్‌పీగా విడుదలైంది. ఊరేగింపుల్లో, గుళ్లలో, చావు ఇళ్ల ముందు ఆ రికార్డు మోగినంతగా తెలుగునాట మరొకటి మోగలేదు. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ ఎల్‌పీలు వెలువరించిందీ ఈ కంపెనీయే.

ఈ ఆస్తి ఎవరిదన్న ప్రశ్నకు చట్టం సూటిగా జవాబిచ్చింది. డబ్బు పెట్టి పాట రాయించి, కట్టించి, పాడించిన నిర్మాతే తొలి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిర్మాత ఆ హక్కును రికార్డు కంపెనీకి రాసిచ్చేవాడు. పాట రాసిన కవి, వరస కట్టిన సంగీత దర్శకుడు, పాడిన గాయని ఈ లావాదేవీకి బయటే ఉండిపోయారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, సినిమా హాలు బయట పాటను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉండాలనీ, దాన్ని వాళ్లు వదులుకుంటూ సంతకం చేసినా చెల్లదనీ నిర్ణయించారు. అప్పటికి మన తొలి తరం సినీకవుల్లో చాలామంది వెళ్లిపోయారు.

క్యాసెట్టు దెబ్బ, గోయెంకాల రాక

1980ల తొలి రోజుల్లో క్యాసెట్టు వచ్చి రికార్డు కంపెనీల పునాదిని కదిలించింది. గుల్షన్ కుమార్ నడిపిన టీ-సిరీస్, చట్టంలోని ఒక వెసులుబాటును ఆసరా చేసుకుని పాత పాటలను వేరే గొంతులతో పాడించి తక్కువ ధరకు అమ్మింది. వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల్లో దుకాణదారుకు పాటల చిట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాడు. ఆ పైకంలో కంపెనీకి చిల్లిగవ్వ ముట్టేది కాదు. లక్క, వినైల్ ఫ్యాక్టరీలను నమ్ముకున్న గ్రామఫోన్ కంపెనీ దీనికి సిద్ధంగా లేదు. నష్టాల్లో కూరుకుపోయిన దశలో, 1980ల మధ్య, ఆర్.పి. గోయెంకా నాయకత్వంలోని ఆర్.పి.జి. గ్రూపు దాన్ని చేజిక్కించుకుంది.

ఈ మార్పు విలువ పాతికేళ్ల తర్వాత గాని తెలియలేదు. ఇ.ఎం.ఐ.ని 2007లో టెర్రా ఫర్మా అనే పెట్టుబడి సంస్థ కొన్నది. అప్పు తీర్చలేకపోవడంతో 2011లో సిటీ గ్రూప్ బ్యాంకు స్వాధీనం చేసుకుంది. 2012లో ధ్వనిముద్రణల విభాగం యూనివర్సల్‌కు పోయింది. పోటీ నియంత్రణ షరతుల మేరకు అందులోంచి పార్లోఫోన్ విడిపోయి 2013లో వార్నర్‌కు చేరింది. కలకత్తా కంపెనీ అప్పటికీ లండన్ చేతిలోనే ఉండి ఉంటే, మన పాత పాటలు కూడా ఆ బేరసారాల్లో చేతులు మారేవి. ఈ ఒక్క కారణం చాలు, గోయెంకాల కొనుగోలు మేలే చేసిందని చెప్పడానికి.

2000లో కంపెనీ సరిగమ ఇండియాగా పేరు మార్చుకుంది. కుక్కబొమ్మ ముద్ర క్రమంగా తెరమరుగైంది. 2010-11లో గోయెంకా సోదరుల మధ్య వ్యాపారాల పంపకం జరిగినప్పుడు సరిగమ సంజీవ్ గోయెంకా వాటాకు వచ్చింది. ఇప్పుడది ఆర్.పి.-సంజీవ్ గోయెంకా గ్రూపులో భాగం. 2017లో పాత పాటలు నింపి విడుదల చేసిన ‘కారవాన్’ అనే రేడియో ఆకారపు పెట్టె బాగా అమ్ముడైంది. తెలుగు పాటల పెట్టెలూ వచ్చాయి.

విదేశీ పెట్టుబడి దక్షిణాది సంగీతం వైపు మళ్లీ చూస్తోంది. చెన్నైలోని డీవో సంస్థలో వార్నర్ మ్యూజిక్ ఇండియా 2023లో మెజారిటీ వాటా తీసుకుంది. కొత్త తెలుగు సినిమా పాటల్లో ఎక్కువ భాగం ఆదిత్య మ్యూజిక్, లహరి వంటి దక్షిణాది కంపెనీల దగ్గర ఉంది. రేపు వాటి వాటాలు అమ్ముడైతే, పాత కథే కొత్త పేర్లతో నడుస్తుంది. ధ్వనిముద్రణల అసలు ప్రతి ఒకటి ప్రజా గ్రంథాలయంలో జమ చేయాలన్న నిబంధన ఇలాంటి ప్రతి అమ్మకానికీ తప్పనిసరి చేయాలి. యజమాని ఎవరైనా పాట మిగలడానికి అదే దారి.

ప్రస్తుత చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు, ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన ఘంటసాల భగవద్గీత రికార్డుపై హక్కు 2034 డిసెంబరు 31తో ముగుస్తుంది.